జగద్గురువు పీఠం, మదనపల్లె పిల్లవాడు: జిడ్డు కృష్ణమూర్తి తొలి జీవితానికి ఆధారాలు

కొత్త మతోద్యమాలను స్థాపించినవారి, నడిపినవారి జీవితాలను రాయబోయే వారికి మొదట్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. ఆ నాయకుల బాల్యం గురించి దొరికే మాటల్లో ఎక్కువ భాగం వాళ్లు పేరు తెచ్చుకున్న తర్వాత పుట్టినవే. భక్తులు తలుచుకుని చెప్పినవి కొన్ని, విడిపోయినవారు కోపంతో చెప్పినవి కొన్ని. ఆ రోజుల్లోనే రాసిన కాగితం దొరకడం అరుదు. జిడ్డు కృష్ణమూర్తి విషయంలో పరిస్థితి కొంత మేలు. పద్నాలుగేళ్ల వయసులోనే దివ్యజ్ఞాన సమాజం అనే అంతర్జాతీయ సంస్థ ఆయన్ను తన సంరక్షణలోకి తీసుకుంది. అప్పటి నుంచి ఆయన చుట్టూ ఉత్తరాలు, ఉపన్యాసాల ప్రతులు, పత్రికా వార్తలు, న్యాయస్థానాల తీర్పులు పోగుపడ్డాయి.

తెలుగునాట ఈ కథను సాధారణంగా మూడు ఘట్టాలుగా చెప్పుకుంటాం. అడయారు సముద్రతీరంలో ఒక పిల్లవాణ్ణి గుర్తించారు. వాణ్ణి జగద్గురువుగా పెంచారు. తమ్ముడి మరణంతో ఆయన కళ్లు తెరిచి, 1929లో తన సంఘాన్ని తానే రద్దు చేశారు. ఈ వ్యాసం ఆ మూడు ఘట్టాలకూ ఉన్న ఆధారాల బలాన్ని వేరువేరుగా తూచే ప్రయత్నం చేస్తుంది. నా వాదన క్లుప్తంగా ఇది: పీఠం ముందు సిద్ధమైంది, మనిషి తర్వాత దొరికాడు, ఆ పీఠాన్ని ఆయన విడిచిపెట్టడం ఒక్క రోజు జరిగిన సంఘటన కాదు, ఏళ్ల తరబడి సాగిన మార్పు.

పీఠం ఎలా సిద్ధమైంది

దివ్యజ్ఞాన సమాజాన్ని 1875లో న్యూయార్కులో హెలెనా బ్లవాట్‌స్కీ, కర్నల్ ఆల్కాట్, మరికొందరు కలిసి స్థాపించారు. 1882లో మద్రాసు శివార్లలోని అడయారులో స్థలం కొని, కేంద్రాన్ని అక్కడికి తరలించారు. హిమాలయాల ఆవల ఉండే మహాత్ములు తమకు మార్గం చూపుతున్నారని బ్లవాట్‌స్కీ చెప్పేవారు. ఆ మహాత్ముల పేరుతో వచ్చిన లేఖల మీద లండన్‌లోని మానసిక పరిశోధన సంఘం తరఫున రిచర్డ్ హాడ్జ్‌సన్ విచారణ జరిపి, 1885లో అవి నమ్మదగినవి కావని నివేదిక ఇచ్చాడు. ఆ విచారణ పద్ధతిలోనే లోపాలున్నాయని నూరేళ్లు దాటాక, 1986లో, అదే సంఘం పత్రికలో వర్నన్ హారిసన్ వాదించాడు. ఇంత కాలం గడిచినా ఆ వివాదం పూర్తిగా తీరలేదు.

ఆల్కాట్ 1907లో మరణించాక అనీబిసెంట్ అధ్యక్షురాలయ్యారు. లోకానికి కొత్త గురువు రాబోతున్నాడని ఆమె బహిరంగ ఉపన్యాసాల్లో చెప్పడం మొదలుపెట్టారు. 1909లో అమెరికా పర్యటనలోనూ ఆ మాటే చెప్పారు. అప్పటికి ఆమె కృష్ణమూర్తిని ఒక్కసారి కూడా కలవలేదు. ఆ గురువు అవతరించడానికి తగిన దేహంగా ముందు వారి దృష్టిలో ఉన్నది హ్యూబర్ట్ వాన్ హుక్ అనే షికాగో బాలుడు. అతని తల్లి అతన్ని తీసుకుని 1909 చివరలో అడయారు చేరేసరికి ఆ స్థానం మరొకరికి వెళ్లిపోయింది.

ఈ క్రమం ముఖ్యమైనది. ఒక పిల్లవాడిలోని విశేషాన్ని చూసి జగద్గురువు అన్న ఊహ పుట్టలేదు. ఊహ, ప్రకటన, కాచుకుని ఉన్న జనం ముందే ఉన్నారు. ఇంతవరకు చెప్పినదానికి ఆ నాటి రాతపూర్వక ఆధారాలు గట్టిగా ఉన్నాయి.

బాల్యం: ఎవరి జ్ఞాపకం?

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టారు. మనవారి లెక్కలో 11వ తేదీ, అర్ధరాత్రి దాటింది కాబట్టి పాశ్చాత్య లెక్కలో 12. తండ్రి జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో తహసీల్దారుగా పనిచేసిన పట్టభద్రుడు, 1882 నుంచి దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. తల్లి సంజీవమ్మకు ఈయన ఎనిమిదో సంతానం. ఆమె 1905 డిసెంబరులో కడపలో కన్నుమూశారు. పిల్లవాడికి చిన్నతనంలో మలేరియా పట్టుకుని చాలాకాలం వదల్లేదు. బడి తరచూ మానాల్సివచ్చేది.

ఈ వివరాలు ఎక్కడివి? ప్రధానంగా రెండు చోట్ల నుంచి వచ్చాయి. ఒకటి, 1911లో నారాయణయ్య చెబుతుండగా రాసుకున్న కథనం. రెండోది, 1913 వేసవిలో ఫ్రాన్సులో ఉన్నప్పుడు పద్దెనిమిదేళ్ల కృష్ణమూర్తి స్వయంగా రాసుకున్న చిన్న ఆత్మకథ. రెండూ ఆయన్ను జగద్గురువుగా ప్రకటించాక రాసినవే. ఆత్మకథలో ఆయన చనిపోయిన తల్లి తనకు కనిపించేదని రాశారు. పెద్దయ్యాక మాత్రం తనకు బాల్యం దాదాపు గుర్తు లేదని ఎన్నోసార్లు అన్నారు. పద్దెనిమిదేళ్ల నాటి రాతలో ఎంత సొంత జ్ఞాపకం, ఎంత చుట్టూ ఉన్నవారు చెప్పగా నాటుకున్నది అన్నది వేరుచేయడం కష్టం. అందుకే ఊర్లు, ఉద్యోగం, మరణాలు, జబ్బు వంటి బయటి వివరాలను నమ్మవచ్చు. శకునాలు, దర్శనాలు మాత్రం ఆ కుటుంబంలో, ఆ సమాజంలో ఉన్న విశ్వాసానికి సాక్ష్యాలు. జరిగిన సంగతులకు సాక్ష్యాలు కావు.

అడయారు ఎంపిక

ఉద్యోగ విరమణ తర్వాత నారాయణయ్యకు వచ్చే పింఛను నెలకు 112 రూపాయలు. తల్లి లేని నలుగురు కొడుకులతో ఆయన 1909 జనవరిలో అడయారు చేరారు. సమాజంలో పని దొరికింది. ఆవరణ బయట ఒక పాత ఇంట్లో కాపురం. కృష్ణ, అతని తమ్ముడు నిత్యానంద మైలాపూరులోని బడికి నడిచి వెళ్లేవారు. చదువులో వెనకబడ్డాడని కృష్ణకు దెబ్బలు తప్పేవి కావు.

సమాజ ప్రముఖుల్లో ఒకడైన చార్లెస్ లెడ్‌బీటర్ ఆ ఫిబ్రవరిలో అడయారు వచ్చాడు. మగపిల్లలకు ఇచ్చిన సలహాల విషయంలో ఆరోపణలు రావడంతో అతను 1906లో సమాజానికి రాజీనామా చేశాడు. బిసెంట్ చొరవతో మళ్లీ చేర్చుకున్నారు. సముద్రతీరంలో కృష్ణను చూసి, ఆ పిల్లవాడి చుట్టూ స్వార్థపు మచ్చ లేని కాంతి కనిపించిందని అతను అన్నాడని ప్రసిద్ధి. ఆ మాటను మనకు వివరంగా చెప్పినవాడు అతని సహాయకుడు ఎర్నెస్ట్ వుడ్. వుడ్ తన జ్ఞాపకాలను పుస్తకంగా అచ్చువేసింది 1936లో, అంటే సంఘటన జరిగిన పాతికేళ్లకు పైబడిన తర్వాత. లెడ్‌బీటర్ 1909లోనే బిసెంట్‌కు రాసిన ఉత్తరాలు ఇంతకంటే విలువైనవి. వాటిలో ఆ పిల్లల మీద అతని ఆసక్తి క్రమంగా పెరగడం కనిపిస్తుంది. ఒక్క చూపులో అంతా తేలిపోయిందన్న చిత్రణ తర్వాతి కాలంలో గట్టిపడినట్టు తోస్తుంది.

లెడ్‌బీటర్ తన దివ్యదృష్టితో చూశానని చెప్పి కృష్ణమూర్తి పూర్వజన్మలను 1910లో సమాజ పత్రికలో ధారావాహికగా ప్రచురించాడు. క్రీ.పూ. 22,662 నుంచి క్రీ.శ. 624 దాకా మొత్తం 30 జన్మలు. వీటిని పరీక్షించే మార్గం ఏదీ లేదు. కాని సమాజ చరిత్రకు అవి పనికొస్తాయి. ఆ కథల్లో అడయారు సభ్యులు కూడా వేర్వేరు పేర్లతో పాత్రలయ్యారు. ఎవరు ఏ జన్మలో ఎవరికి దగ్గరివారో తెలుసుకోవాలన్న ఆరాటం సభ్యుల్లో కనిపించింది. నాయకుడి గొప్పతనంలో అనుచరులకు వాటా ఎలా దక్కుతుందో చెప్పే చక్కని ఉదాహరణ ఇది.

పుస్తకం ఎవరిది?

1910 చివర్లో అల్సియోనీ అన్న పేరుతో ‘గురుపాదాల చెంత’ అన్న అర్థమిచ్చే చిన్న ఇంగ్లీషు పుస్తకం వెలువడింది. అల్సియోనీ అంటే కృష్ణమూర్తి. అందులో ఉన్నవి తన మాటలు కావని, గురువు (అంటే మహాత్ముల్లో ఒకరు) నేర్పినవని ముందుమాటలోనే ఉంది. ఇంగ్లీషు సరిగా రాని పదిహేనేళ్ల పిల్లవాడు దాన్ని ఎలా రాశాడన్న ప్రశ్న అప్పుడే లేచింది.

వుడ్ తదితరుల కథనం ప్రకారం, రాత్రి నిద్రలో గురువు చెప్పినవి గుర్తుచేసుకుని పిల్లవాడు ఉదయం కాగితం మీద పెట్టేవాడు. లెడ్‌బీటర్ వాటిని సరిచేసి టైపు చేశాడు. మరోపక్క, ఆ పుస్తకం తనది కాదని, తన మీద మోపారని కృష్ణ తండ్రితో తెలుగులో అన్నాడని అడయారు వాసి ఒకరు చెప్పారు. ఆ మాట చెప్పినవారు అడయారు విడిచి వెళ్లాల్సివచ్చింది. ఈ రెండు సాక్ష్యాలూ ఏదో ఒక పక్షానివే. అయినా రెండింటిలోనూ ఉమ్మడిగా నిలిచే అంశం ఒకటుంది: చివరి రూపంలో పెద్దవారి చేయి ఉంది. పుస్తకాన్ని కృష్ణమూర్తి సొంత ఆలోచనకు ఆధారంగా వాడకూడదని చెప్పడానికి ఇంతమాత్రం చాలు. అంతకు మించి, ఎవరో పూర్తిగా రాసి పిల్లవాడి పేరు పెట్టారని తేల్చడానికి ఆధారం సరిపోదు.

న్యాయస్థానం చెప్పినది

1910 మార్చి 6న నారాయణయ్య ఇద్దరు కొడుకుల సంరక్షణను బిసెంట్‌కు అప్పగిస్తూ పత్రం రాసిచ్చారు. 1911 జనవరిలో కాశీలో కొత్త సంఘం ఏర్పడింది. త్వరలోనే దానికి ‘ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్’ అన్న పేరు స్థిరపడింది, కృష్ణమూర్తి అధిపతి అయ్యారు. ఆ డిసెంబరు 28న కాశీలో ఆయన సభ్యత్వ పత్రాలు పంచుతుంటే జనం వరుసగా పాదాల మీద పడ్డారు. ఈ వ్యవహారం నచ్చక జర్మన్ శాఖను నడిపే రుడాల్ఫ్ స్టైనర్ విడిపోయి తన సొంత సంస్థ స్థాపించుకున్నాడు.

నారాయణయ్య కూడా వెనక్కు తగ్గారు. కొడుకులను లెడ్‌బీటర్‌కు దూరంగా ఉంచాలన్నది ఆయన ప్రధానమైన పట్టు. 1912 అక్టోబరులో దావా వేశారు. అది చెంగల్పట్టు జిల్లా కోర్టు నుంచి మద్రాసు హైకోర్టుకు చేరింది. తండ్రి తరఫున వాదించింది సి.పి. రామస్వామి అయ్యర్. బిసెంట్ తన వాదన తానే వినిపించుకున్నారు. 1913 ఏప్రిల్ 15న జస్టిస్ బేక్‌వెల్ తీర్పు ఇచ్చారు. లెడ్‌బీటర్ మీద తండ్రి చేసిన నిర్దిష్టమైన ఆరోపణ రుజువు కాలేదన్నారు. అయితే అతని అభిప్రాయాలు అనైతికమైనవని, పిల్లలను అతనికి అప్పగించడం తగదని అంటూ, వారిని తండ్రికి ఇవ్వాలని ఆదేశించారు. అప్పీలులోనూ బిసెంట్ ఓడిపోయారు. 1914 మే 25న లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పులను కొట్టివేసింది. పిల్లలు ఇంగ్లండులో ఉన్నారు, వారి ప్రయోజనాన్ని, ఇష్టాన్ని చూడాల్సింది అక్కడి న్యాయస్థానం అన్నది ప్రివీ కౌన్సిల్ మాటల సారాంశం.

ఈ దావాను అనుచరులు బిసెంట్ విజయంగా చెప్పుకుంటారు. విమర్శకులు మద్రాసు తీర్పును పట్టుకుని లెడ్‌బీటర్ నేరస్థుడని తేలిందంటారు. తీర్పుల సారాన్ని చూస్తే రెండూ సరికావు. ప్రివీ కౌన్సిల్ పిల్లల పెంపకం మంచిదో చెడ్డదో తేల్చలేదు, అధికార పరిధి మీద నిర్ణయించింది. మద్రాసు కోర్టు నిర్దిష్టమైన ఆరోపణను నమ్మలేదు, అయినా మనిషిని పిల్లల దగ్గర ఉంచదగినవాడు కాదంది. ప్రివీ కౌన్సిల్ తీర్పులో నారాయణయ్యకు చట్టం ఇచ్చిన గుర్తింపు కూడా మరవరాదు. తండ్రి సంరక్షణను మరొకరికి అప్పగించినా, దాన్ని వెనక్కు తీసుకునే హక్కు పోదన్న సూత్రం ఈ దావాతో భారతీయ న్యాయశాస్త్రంలో నిలిచింది. కృష్ణమూర్తి జీవిత కథల్లో సాధారణంగా అడ్డుపడే మనిషిగా కనిపించే నారాయణయ్యను న్యాయంగా చూడాల్సిన అవసరం ఉంది. పేదరికంలో సంతకం చేసిన ఒక తండ్రి, తర్వాత పిల్లలను తిరిగి కోరాడు. ఆయన 1924లో మరణించే నాటికి కొడుకులు ఇద్దరూ ఆయన దగ్గర ఉండటానికి తిరిగి రాలేదు.

ఇంగ్లండు, ఒహాయి

జగద్గురువుగా నిర్ణయమైన యువకుడు పరీక్షలు పాసు కాలేకపోయారు. ఆక్స్‌ఫర్డులో ప్రవేశం దొరకలేదు. లండన్ మెట్రిక్యులేషన్ ఎన్నిసార్లు ప్రయత్నించినా గట్టెక్కలేదు. తమ్ముడు నిత్యానంద న్యాయశాస్త్రం పూర్తిచేశాడు. అనుచరులు దాచాలనుకునే అవకాశమున్న ఇలాంటి వివరాలను వారే నమోదు చేసినప్పుడు చరిత్రకారుడికి నమ్మకం పెరుగుతుంది. 1920లో ఇంగ్లండులోని సమాజ సభ్యురాలు ఎమిలీ లుట్యెన్స్‌కు కృష్ణమూర్తి రాసిన ఉత్తరాల్లో తనకు అప్పగించిన పాత్ర మీద విసుగు, అనాసక్తి కనిపిస్తాయి. సందేహానికి మొదటి రాతపూర్వక ఆనవాళ్లను ఈ కాలంలోనే వెతకాలి.

1922లో అన్నదమ్ములు నిత్యానంద క్షయవ్యాధి కారణంగా కాలిఫోర్నియాలోని ఒహాయి లోయ చేరారు. ఆగస్టులో కృష్ణమూర్తికి మెడవద్ద తీవ్రమైన నొప్పి, వణుకు, స్పృహ తప్పడం, చివరకు ఒక మిరియపు చెట్టు కింద అపారమైన ప్రశాంతత కలిగాయి. నిత్యానంద, కృష్ణమూర్తి ఇద్దరూ ఆ రోజుల్లోనే వేర్వేరుగా దాన్ని రాశారు. ఇలాంటి అనుభవానికి ఇంత దగ్గరి కాలపు రాతలు దొరకడం అరుదు. అందువల్ల ఆ అనుభవం జరిగిందని, ఆయన్ను లోతుగా మార్చిందని ఒప్పుకోవచ్చు. అది కుండలినియా, జబ్బా, మరొకటా అన్న విషయంలో ఆ రాతలు ఏమీ తేల్చలేవు. చుట్టూ ఉన్నవారు దాన్ని తమ విశ్వాసపు భాషలోనే చూశారు, ఆ భాషలోనే రాశారు.

తమ్ముడి మరణం, సంఘం రద్దు

1925 నవంబరు 13న నిత్యానంద ఒహాయిలో చనిపోయాడు. ఆ వార్త భారతదేశానికి ఓడలో వస్తున్న కృష్ణమూర్తికి సూయజ్ కాలువ దగ్గర అందింది. నిత్యానంద బతుకుతాడని గురువుల మాటగా ఆయనకు గట్టి భరోసా ఇచ్చి ఉన్నారు. ఆయన కుప్పకూలిపోయారని ఓడలో తోడుగా ఉన్న శివరావు చెప్పారు. ఇక్కడ నుంచి 1929కి నేరుగా దూకే కథనం బలంగా ప్రచారంలో ఉంది: గురువుల మాట అబద్ధమైంది, నమ్మకం విరిగింది, సంఘం రద్దయింది.

తేదీలు ఈ కథనానికి అడ్డుపడతాయి. మొదటిది, సందేహాలు మరణం కంటే ముందువి. 1925 వేసవిలో హాలండులో సమాజ నాయకుడు జార్జ్ అరండేల్ తదితరులు ఒకరి తర్వాత ఒకరికి ఉన్నత దీక్షలు దక్కాయని, గురువుకు పన్నెండుమంది అపోస్తలులు ఖరారయ్యారని ప్రకటించినప్పుడే కృష్ణమూర్తికి అవి రుచించలేదు. రెండోది, మరణం తర్వాత వెంటనే ఆయన పాత్రను వదల్లేదు. ఆరు వారాలు దాటాక, 1925 డిసెంబరు 28న, అడయారు మర్రిచెట్టు కింద మాట్లాడుతూ, రాబోయే గురువు గురించి చెప్పేటప్పుడు ‘ఆయన’ను వదిలి ‘నేను’లోకి వచ్చారు. విన్నవారు దాన్ని అవతరణగా తీసుకున్నారు. 1927లో జగద్గురువు వచ్చేశారని బిసెంట్ పత్రికలకు చెప్పారు.

అంటే దుఃఖం ఆయన్ను మొదట పాత్రకు మరింత దగ్గర చేసింది, లేదా కనీసం దూరం చేయలేదు. మార్పు 1927 నుంచి మాటల్లో కనిపిస్తుంది. గురువులు, దీక్షలు, మెట్లు అన్నవి ఉపన్యాసాల్లో తగ్గుతూ వచ్చాయి. 1928లో హాలండులోని ఓమెన్ శిబిరంలో, తామే సత్యానికి పాత్ర అని సంఘం చెప్పుకుంటే దాన్ని రద్దు చేస్తానని అన్నారు. 1929 ఆగస్టు 3న, అదే ఓమెన్‌లో, బిసెంట్ ఎదుట, దాదాపు మూడువేల మంది సభ్యుల ముందు ఆ పని చేశారు. సత్యాన్ని ఏ సంస్థా అందించలేదని, తనకు అనుచరులు వద్దని చెప్పారు. సంఘానికి విరాళంగా వచ్చిన ఎర్డ్ కోటను, భూమిని ఇచ్చినవారికి తిరిగి అప్పగించారు. ఆస్తులు వెనక్కు ఇవ్వడం మాటకంటే గట్టి ఆధారం. ఎందుకంటే మాట ఖర్చులేనిది, ఆస్తి అలా కాదు.

ఈ క్రమాన్ని దగ్గరపెట్టి చూస్తే, నిత్యానంద మరణం ఒక కారణం కావచ్చుగాని ఏకైక కారణం కాదని తేలుతుంది. కనీసం 1920 నుంచి కనిపించే విసుగు, ఒహాయి అనుభవం ఇచ్చిన సొంత ఆధారం, చుట్టూ జరిగిన దీక్షల తంతు మీద ఏహ్యత, 1927–28లో మారిన ఆలోచన, అన్నీ కలిసి 1929కి దారితీశాయి.

రద్దు తర్వాత

సంఘం పోయింది, గురువు అన్న భావన మాత్రం ఒక్కసారిగా పోలేదు. తాను జగద్గురువును కానని ఆయన ఎన్నడూ సూటిగా చెప్పలేదు. తాను ఎవరన్నది ముఖ్యం కాదని, తన మాటను సొంత బుద్ధితో పరీక్షించమని మాత్రం అన్నారు. తర్వాతి అరవై ఏళ్లకు దగ్గరగా ఆయన ప్రపంచమంతా ఉపన్యసించారు. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ బడి నడిచింది. ఇంగ్లండు, అమెరికా, భారతదేశంలో ఆయన పేరుతో ఫౌండేషన్లు ఏర్పడ్డాయి. పాత ప్రచురణ సంస్థను నడిపిన రాజగోపాల్‌తో వచ్చిన దావా 1974లో రాజీతో ముగిసింది. సంస్థలు వద్దన్నవాడికి సంస్థలెందుకన్న ప్రశ్న న్యాయమైనది. తన మాటకు వ్యాఖ్యాతలుగా, వారసులుగా ఎవరూ నిలబడరాదన్న నియమాన్ని ఆయన పట్టుబట్టి పెట్టారన్నది దానికి జవాబులో సగం.

ఆయన 1986 ఫిబ్రవరి 17న ఒహాయిలో క్లోమ క్యాన్సర్‌తో మరణించారు. 1991లో రాజగోపాల్ కూతురు రాధా స్లాస్ ప్రచురించిన పుస్తకం, తన తల్లితో ఆయనకు దీర్ఘకాలం ప్రేమ సంబంధం ఉందని చెప్పింది. ఆ విషయాన్ని ఆయన జీవిత చరిత్రకారిణి మేరీ లుట్యెన్స్ కూడా కాదనలేదు. ఆమె అభ్యంతరం ఆ పుస్తకం చిత్రించిన తీరు మీద. మేరీ లుట్యెన్స్ ఎమిలీ కూతురు, చిన్నతనం నుంచి కృష్ణమూర్తిని దగ్గరగా ఎరిగిన మనిషి. మనకు తెలిసినదానిలో చాలా భాగం ఆమె మూడు సంపుటాల నుంచి వచ్చినదే. ఆమె నిజాయితీని గౌరవిస్తూనే, ఆమె ఆ కథలో ఒక పాత్ర అన్నది గుర్తుంచుకోవాలి.

తేలినది

ఆధారాలు మూడు విషయాలను బలంగా నిలబెడుతున్నాయి. జగద్గురువు పీఠం కృష్ణమూర్తికంటే ముందు తయారైంది. ఆయన్ను దాని మీద కూర్చోబెట్టడంలో పేద తండ్రి అవసరం, పెద్దవారి విశ్వాసం, సామ్రాజ్యపు చట్టం మూడూ పనిచేశాయి. ఆ పీఠం నుంచి దిగడం ఏళ్లపాటు సాగింది, 1929 దానికి ముగింపు మాత్రమే. ఆయన మోసగాడనడానికి గాని, ఇతరుల చేతిలో కీలుబొమ్మ అనడానికి గాని ఈ కాగితాల్లో ఆధారం లేదు. ఆయన దివ్యుడనడానికి కూడా లేదు. ఉన్నదల్లా తనకు అప్పగించిన అధికారాన్ని చివరికి అనుచరుల ముందే వద్దన్న ఒక మనిషి, ఆ వద్దనడం కూడా అసంపూర్ణంగా జరిగిన ఒక జీవితం.

ఈ కథలో తెలుగు పరిశోధకులకు ఇంకా పని మిగిలి ఉంది. మద్రాసు దావా కాగితాలను, ఆ నాటి తెలుగు పత్రికలను, మదనపల్లె, కడప రెవెన్యూ దస్తావేజులను కలిపి చదివితే నారాయణయ్య కుటుంబం మీద వెలుగు పడుతుంది. గురువు ఎవరైనా సరే, వారి జీవిత కథ చదివే ప్రతి పాఠకుడికి నా విన్నపం ఒక్కటే: చెప్పింది ఎవరు, ఏ సంవత్సరంలో చెప్పారు, ఆ మాట నిజమైతే వారికి ఏం లాభం, అబద్ధమైతే ఏం నష్టం అన్నవి ముందు అడగండి. భక్తి గాని, ద్వేషం గాని ఆ తర్వాతే.